సోమవారం నాటి సంఘం

మా సంఘానికి ఈ ఏడు కొత్త పెద్దలు వచ్చారు. ముగ్గురు కుర్రాళ్లు, ఒక అంగన్‌వాడీ టీచరమ్మ. ఆ అమ్మాయి ఇంటికొచ్చి, "మాస్టారూ, ఇన్నేళ్లు పెద్దరికం చేశారు కదా, మాకు పనికొచ్చేవి నాలుగు ముక్కలు రాసిపెట్టండి" అంది. రాయడం మొదలుపెట్టాక నాలుగుతో ఆగలేదు. ప్రసంగం చెప్పడం పాస్టరు గారి పని, దానికి ఆయన చదువు చదువుకుని వచ్చారు. ఆదివారం మధ్యాహ్నం దీవెన వాక్యం అయ్యాక, మళ్లీ ఆదివారం దాకా ఆ ప్రసంగం ఏమవుతోందో చూసుకోవడం పెద్దల పని. నేను రాసేదంతా ఆ ఆరు రోజుల గురించే.

మాది పల్నాడులో ఒక మెట్ట ఊరు, లూథరన్ సంఘం. 1842లో గుంటూరులో దిగిన లూథరన్ మిషనరీ హయ్యర్ దొర తర్వాత గురజాల వైపు కూడా వచ్చి పనిచేశాడు. ఆ పని పెరిగి పెరిగి మా తాతల దాకా వచ్చింది. మాలో సొంత పొలం ఉన్నవాళ్లు తక్కువ. కౌలు చేసేవాళ్లు, కూలికెళ్లేవాళ్లే ఎక్కువ. బైబిల్లో సంఘం గురించి రాసినదంతా దాదాపు ఇలాంటి జనం మధ్య పుట్టిందే. అన్నం, అప్పు, కూలి, విధవరాలు, కుర్చీ – అపొస్తలుల పత్రికల్లో చాలా తగువులు వీటి దగ్గరే మొదలవుతాయి.

1. వాక్యం పక్కన ఒక పేరు, ఒక తేదీ రాసిపెట్టండి

అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం ప్రతి పెద్దా ఏడాదికోసారైనా చదవాలి. యెరూషలేము సంఘంలో రోజూ భోజనం పంచేవాళ్లు. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు సరిగ్గా అందడం లేదని సణుగుడు బయల్దేరింది. అపొస్తలులు ఐక్యత మీద ప్రసంగం పెట్టలేదు. ఏడుగురిని మీరే ఎంచుకోండి, పని వాళ్లకప్పగిద్దాం అన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు... ఏడుగురివీ గ్రీకు పేర్లే. మాకు అందలేదన్న వాళ్ల చేతికే గరిటె ఇచ్చారన్నమాట. మన కమిటీలైతే ముందు సణిగిందెవరో కనుక్కునే పనిలో పడతాయి.

రోగుల్ని పరామర్శించడం మీద మేం ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ఆమేన్ అన్నాం. గుంటూరు పెద్దాసుపత్రిలో మా మనిషిని చేర్చారంటే మొదటి రెండు రోజులు పల్లె పల్లంతా కదిలేది. బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు మంచం కింద పేరుకునేవి. ఐదో రోజుకి మొగుడి పక్కన ఆవిడ ఒక్కతే వరండాలో కొంగు పరుచుకుని పడుకునేది. అప్పుడు ఒక లాంగ్ నోట్‌బుక్కు కొని, పేజీకి నాలుగు గళ్లు గీశాం. తేదీ, రాత్రి తోడు ఎవరు, క్యారేజీ ఎవరింటి నుంచి, బస్సు చార్జీ ఇచ్చారా లేదా. "ప్రేమకి కూడా రిజిస్టరేంటి మాస్టారూ" అని నవ్వినవాళ్లున్నారు. నవ్విన వాళ్ల పేర్లే ముందు రాశాం.

ఆ నాలుగో గడిని ఎప్పుడూ తీసేయకండి. కూలి మానుకుని వెళ్లే మనిషి చేతిలో చార్జీ డబ్బులు పెట్టకపోతే, సేవ చేసే అవకాశం కూడా ఉన్నవాళ్లకే మిగులుతుంది.

2. పిడికెడు బియ్యం డబ్బా మూత తీసి చూడండి

అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టడం, ఆదివారం గుడికి తేవడం తెలుగు సంఘాలన్నిటికీ తెలిసిందే. డోర్నకల్ బిషప్పు అజరయ్య గారు – 1912లో అభిషేకం పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు – చేతిలో పైసా ఆడని కూలి జనం కూడా తమ సంఘాన్ని తామే పోషించుకోగలరని నమ్మి, ఇవ్వడం అలవాటు చేశారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ పెద్ద గుడి ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

మా స్త్రీల సమాజం వాళ్లు ఆ బియ్యం కొలిచేటప్పుడు ఒకసారి నేను పక్కనే ఉన్నాను. ఒక్కో సంచీ డబ్బాలోకి వంచుతుంటే రంగు తెలిసిపోతోంది. ఎక్కువ సంచుల్లో కోటా బియ్యం. ఇంట్లో సన్నబియ్యం వండుకుని, రేషన్ షాపులో వచ్చినవి దేవుడికి తెస్తున్నారు. మలాకీ ప్రవక్త కుంటి దూడని, గుడ్డి దూడని బలిపీఠం దగ్గరికి తోలుకొచ్చిన వాళ్లని, ఇదే మీ అధికారికి ఇచ్చి చూడండి, తీసుకుంటాడేమో అని దెప్పాడు. మన కథా అదే. ఆ రోజు మిరప కోతలకెళ్లే ఒక ముసలావిడ సంచీలో మాత్రం సన్నబియ్యం ఉన్నాయి. "ఏమ్మా, ఇవి కొన్నావా?" అంటే, "మేం తినేవే తెచ్చానయ్యా, వేరేవి తేవాలా ఏంది?" అంది. ఆవిడకి మలాకీ ఎవరో తెలియదు.

దీని మీద ప్రకటన చేయొద్దని సమాజం అధ్యక్షురాలు పట్టుబట్టింది. ఆవిడ చేసింది ఒకటే. ఆ బియ్యం అమ్మి డబ్బు చేయడం మానేసి, ఒంటరి ముసలివాళ్లు ఎనిమిది మందికి వండి పంపడం మొదలుపెట్టింది. ఆ వంట ఇళ్ల వంతు. వంతు వచ్చినవాళ్లు తాము తెచ్చిన బియ్యమే తాము వండి, ఆ ముసలివాళ్ల ముందు పెట్టాలి. రెండు నెలల్లో డబ్బాలో రంగు మారింది.

3. కానుక లెక్క తలుపులు తీసి ఉండగానే జరగాలి

యెరూషలేము పేదల కోసం మాసిదోనియ, అకయ సంఘాల్లో పోగుచేసిన డబ్బుని పౌలు ఒంటరిగా మోసుకుపోలేదు. సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని వెంటబెట్టుకున్నాడు. ఇంత డబ్బు విషయంలో ఎవరూ మా మీద వేలెత్తి చూపకూడదు, దేవుడి ఎదుటే కాదు మనుషుల ఎదుట కూడా లెక్క సరిగ్గా కనబడాలి అన్నది ఆయన జాగ్రత్త. రెండో కొరింథీ పత్రిక ఎనిమిదో అధ్యాయం. అంతటి అపొస్తలుడికి లేని బిడియం మనకెందుకు?

ముగ్గురు లెక్కపెట్టాలి. ఒకరికొకరు చుట్టాలు కాకూడదు. మొత్తం ఎంతో వాకిట్లో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాయాలి. లోపల రాగం ఎత్తుకున్నా సరే, చెప్పులు విడుస్తూ ఆ అంకె చదివి గానీ లోపలికి రాని మగవాళ్లు మాలో ఉన్నారు. చదవనివ్వండి. సంఘాల స్థలాలు, షాపుల అద్దెల తగాదాలు ఏళ్ల తరబడి కోర్టుల్లో నలగడం మీరూ చూస్తున్నారు. కొరింథువాళ్లని పౌలు మందలించిన సంగతే అది. అవన్నీ మొదట్లో, 'నమ్మకం ఉన్నచోట లెక్కెందుకులెండి' అన్న మంచి మాటతో మొదలైనవే. ఆ మాట అన్న మనిషికి బీరువా తాళం ఇవ్వకండి.

4. బల్ల దగ్గర ఎవరు ముందు, ఎవరు తర్వాత

ఇది పెద్ద పాఠం. మిగతావన్నీ మరిచిపోయినా పర్వాలేదు.

కొరింథు సంఘంలో ప్రభువు భోజనానికి ముందు అందరూ కలిసి తినేవాళ్లు. తీరిక ఉన్నవాళ్లు పెందలాడే వచ్చి, తెచ్చుకున్నది తినేసి, తాగి కూర్చునేవాళ్లు. పనిపాటలు ముగించుకుని వచ్చినవాళ్లకి ఖాళీ గిన్నెలు. మీరు తింటున్నది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు పౌలు. ఈ భాగం మేం ప్రతి సంస్కార ఆదివారమూ చదువుతాం, 'ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకోవాలి' అన్న చోట నుంచి. దాని పైన ఉన్న ఖాళీ గిన్నెల సంగతి ఎవరూ చదవరు.

మా దగ్గర అదే జరుగుతూ వచ్చింది. ఫిబ్రవరి నుంచి మిరప కోతలు. ఎండ ముదరకముందే కాయ దిగాలని రైతులు ఆదివారం కూడా రమ్మంటారు. ఆడవాళ్లు తెల్లవారకముందే ఆటో ఎక్కితే, వచ్చేసరికి రెండు దాటుతుంది. ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమ విందు మాత్రం పన్నెండున్నరకే. ఘాటుకి మండుతున్న చేతులు కడుక్కుని వాళ్లు వచ్చేసరికి చారు, అడుగంటిన అన్నం మిగిలేవి. వాళ్లు రాలేదని, భక్తి తగ్గిందని కమిటీలో మాట కూడా వచ్చింది. చివరికి కోతల నెలల్లో విందుని, ప్రభువు బల్లని కూడా సాయంత్రం ఆరుకి మార్చాం. పొద్దున ఆరాధనకి అలవాటుపడ్డ ఉద్యోగస్తులు కొందరు గొణిగారు. వాళ్ల కోసం పొద్దున ఆరాధన ఉంచాం. బల్ల మాత్రం కూలి తల్లుల గడియారం ప్రకారం.

ఇక కుర్చీలు. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ల పీట పక్కన చోటు చూపించే సంఘం గురించి యాకోబు రాశాడు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలు, వెనక చాపలు వేసే అలవాటు ఎక్కడున్నా ఈ పత్రిక అక్కడికి చేరలేదనుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకే కుర్చీ అని రూలు పెట్టుకోండి. విరాళం పెద్దదైతే నల్లబల్ల మీద పేరు రాయండి, కుర్చీ వేయకండి.

ఇంతకన్నా లోతైన గొడవ ఒకటుంది. చాలా ఊళ్లలో మాలపల్లెకో గుడి, మాదిగపల్లెకో గుడి. ఒకచోట లూథరన్ బోర్డు ఉంటే ఇంకోచోట బాప్టిస్టు బోర్డు. మిషన్లు వేరు కాబట్టి గుళ్లు వేరయ్యాయని పైకి చెప్పుకుంటాం. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కథ మీరు విని ఉంటారు. తాము సంఘంలో చేరాలంటే ఆ మాదిగల్ని చేర్చుకోకూడదని పై కులాలవాళ్లు షరతు పెట్టారు. ఆ దొర ఏమీ తోచక బైబిలు తెరిస్తే, లోకంలో ఎన్నికలేని వాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడన్న మొదటి కొరింథీ భాగం కనబడింది. దొరసాని వేరే గదిలో తెరిచిన చోటూ అదే. తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య లాంటి వాళ్ల వెంట వచ్చిన జనాన్ని ఆయన వదులుకోలేదు. ఆ గుమ్మం మన కోసం అలా తెరుచుకుంది. మనం లోపలికొచ్చి, మధ్యలో ఇంకో గోడ కట్టుకున్నాం.

ఒక క్రిస్మస్‌కి రెండు గుళ్లూ కలిసి ఆరాధన పెట్టుకున్నాం. పాటలు కలిశాయి, ప్రార్థనలు కలిశాయి. ఆరాధన అయ్యాక ప్రేమ విందు వంట అటు పల్లెలో జరిగింది. విస్తళ్లు వేసే వేళకి మా వాళ్లలో సగం మంది, "మాకు ఇవాళ ఉపవాసమండీ" అన్నారు. క్రిస్మస్ రోజు ఉపవాసం! అటువైపు పెద్దాయన నవ్వుతూ, "సరేలెండి, మీ ఉపవాసం విడిచేదాకా అన్నం వేడిగా ఉంచుతాం" అన్నాడు. అంతకన్నా మంచి ప్రసంగం ఆ ఏడు నేను వినలేదు.

మరుసటి ఏడు ప్రసంగాలు చేయలేదు. వంట కమిటీలో అటు ముగ్గురు, ఇటు ముగ్గురిని వేశాం. పొయ్యి స్కూలు ఆవరణలో పెట్టాం. వడ్డనకి రెండు పల్లెల కుర్రాళ్లని జంటలుగా నిలబెట్టాం – అన్నం ఒకరు, కూర ఒకరు. అన్నం వేయించుకున్నవాడు కూర వద్దనలేడు కదా. ఇప్పుడు ఉపవాసాలు లేవు. పెళ్లి సంబంధాల దాకా మాత్రం ఈ కలయిక రాలేదు. ఇద్దరు పిల్లలు ఇష్టపడి చేసుకున్నారు, ఒక ఇంట్లో ఇప్పటికీ మాటల్లేవు. ఈ ముక్క దాచిపెట్టి మేం ఒక్కటయ్యామని సాక్ష్యాలు చెప్పకండి.

5. ప్రార్థన మనవి పేరుతో ఊరి కబుర్లు

బుధవారం ఉపవాస కూటంలో ఒక రకం మనవి వస్తుంది. "ఫలానా ఇంట్లో అమ్మాయి కోసం భారంగా ప్రార్థించండి, ఏం జరిగిందో నేను చెప్పను గానీ..." అక్కడి నుంచి చెప్పడం మొదలు. ఆమేన్ అనేలోగా ఊరంతా తెలిసిపోతుంది. తప్పు చేసిన సోదరుడి దగ్గరికి ముందు ఒక్కడివే వెళ్లమన్నాడు ప్రభువు. వినకపోతే ఇద్దరు ముగ్గురితో, అప్పటికీ వినకపోతే సంఘం. మనం చివరి మెట్టు నుంచి మొదలుపెడతాం. అలాంటి మనవి వస్తే, "వాళ్లతో మాట్లాడావామ్మా?" అని ఒక్క ముక్క అడగండి. లేదంటే, "మాట్లాడి వచ్చాక ప్రార్థిద్దాం" అనండి.

తగువుల గురించి ప్రభువు చెప్పిన రెండోది, అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి, వెళ్లి సమాధానపడి రమ్మన్న మాట. అందులో ఒక మెలిక ఉంది. నీకు సోదరుడి మీద కాదు, సోదరుడికి నీ మీద ఏదైనా ఉంటే అన్నాడు ప్రభువు. మా సంఘంలో ఇద్దరు అన్నదమ్ములు బోరు నీళ్ల వంతు దగ్గర మాటలు మానేశారు. సంస్కారానికి ఒకరు కుడిపక్క మోకరిస్తే ఇంకొకరు ఎడమపక్క. సంస్కారం ముందు రోజు సాయంత్రం పెద్దవాడిని పిలిచి, "మీ తమ్ముడికి నీ మీద ఏముంది?" అని అడిగాను. తనకి తమ్ముడి మీద ఉన్నవన్నీ చెప్పాడు. విన్నాను. "అది సరే, వాడికి నీ మీద?" మళ్లీ మోటారు, మళ్లీ గట్టు. మూడోసారి అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. ఆనక, "నాయన పోయిన నెలలో వాడిని అడక్కుండా గేదెల్ని అమ్మేశాను మాస్టారూ" అన్నాడు. బోరు అసలు గొడవే కాదు! ఆ రాత్రే వెళ్లాడు. గేదెల డబ్బులో సగం తమ్ముడి పెళ్లాం చేతిలో పెట్టి వచ్చాడు. బోరు వంతు ఇంకా తేలలేదు, అది వేరే సంగతి. ఒకే వైపు మోకరిస్తున్నారు.

6. వడ్డీ గురించి గుళ్లో మాట్లాడండి

కట్నం, వడ్డీ – ఈ రెండూ మా పుల్పిట్ మీద వినబడని మాటలు. ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు ఇద్దరూ ఎదురుగా కూర్చుని ఉంటారు కాబట్టి పాస్టర్లకి ఇబ్బంది. పెద్దలకి ఆ ఇబ్బంది ఉండకూడదు.

నెహెమ్యా ఐదో అధ్యాయం చూడండి. గోడ కడుతున్న జనమే తిండిగింజల కోసం పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టు పెట్టి, పిల్లల్ని వెట్టికి పంపారు. అప్పిచ్చింది పరాయివాళ్లు కాదు, సొంత జనమే. నెహెమ్యా సభ పిలిచి, నేనూ నా వాళ్లూ కూడా అప్పులిస్తున్నాం, ఈ వడ్డీ ఇక మానేద్దాం అని తనతో మొదలుపెట్టాడు. పుచ్చుకున్నది తిరిగి ఇప్పించాడు. అక్కడ చెప్పిన నూరవ భాగం నెలకి నూటికి ఒకటని వ్యాఖ్యానాలు రాసినవాళ్లు చెబుతారు. మన లెక్కలో రూపాయి వడ్డీ. రూపాయికే ఆయనకి అంత కోపం వచ్చింది. మన దగ్గర ఒకే పాటల పుస్తకంలోంచి పాడుకునే ఇద్దరి మధ్య మూడు రూపాయల ప్రోనోటు నడుస్తోంది.

మేం చేసింది చిన్న పని. స్త్రీల సమాజం దగ్గర వడ్డీ లేని నిధి ఒకటి పెట్టాం. ఆస్పత్రికి, పిల్లల ఫీజులకి, కౌలు రైతు విత్తనాలకి ఇస్తారు. తీసుకున్నవాళ్ల పేరు ఎక్కడా చదవరు. కట్నానికి ఇవ్వరు, ఎంత ఏడ్చినా ఇవ్వరు. ఒకరి భారాలు ఒకరు మోయండి అని గలతీయులకు రాసిన పౌలే, నాలుగు మాటల తర్వాత ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలనీ రాశాడు. జబ్బు మొదటి రకం, కట్నం రెండో రకం.

7. సాయానికి మెలిక పెట్టకండి, రిజిస్టరులో పేరు అడగకండి

1876–78 కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడిపోయినప్పుడు క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకి తీసుకున్నాడు. జనానికి పని, కూలి దొరికాయి. బాప్తిస్మం ఇవ్వమని వందల మంది వెంటపడ్డా, కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె అందరూ చెబుతారు. దాని వెనక ఆపిన నెలల గురించి ఎవరూ చెప్పరు. మీ నోట్‌బుక్కులో, మీ నిధిలో ఈ వరస తప్పకండి. మా ముసలివాళ్ల క్యారేజీల్లో ఒకటి రామాలయం వెనక ఉండే మామ్మగారికి వెళుతుంది. ఆవిడ బొట్టు గురించి ఎవరూ మాట్లాడకూడదు.

ఇంకో సంగతి మెల్లగా చెబుతాను. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైనవాడికి ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సవరణ చేశారు, మనకి లేదు. మన రాష్ట్రంలో బీసీ–సీలో పెట్టారు. వాడలో అవమానం మాత్రం ఏ సర్టిఫికెట్టూ చూడకుండానే పడుతుంది. అందుకని బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు ఉన్న ఇళ్లు ఉన్నాయి. అది సరైన పనని నేననను. ఆ ఇళ్లని ఆరాధనలో నిలదీసేవాళ్లని మాత్రం చూశాను. ఎక్కువగా ఉద్యోగాలు చేసి పెన్షన్ తింటున్న నాలాంటివాళ్లు. పరాయివాడి దాసుడికి తీర్పు తీర్చడానికి నువ్వెవరివని రోమా పత్రికలో అడిగిన ప్రశ్న ముందు మాకే వర్తిస్తుంది. ఆ పిల్లలకి ఫీజు నిధి ఇవ్వండి, తర్వాత మాట్లాడండి.

8. శ్మశానం కాగితాలు

యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద నోరు మెదపకుండా కూర్చున్నారు. నోరు తెరిచాకే పాడుచేశారు. చావు ఇంట్లో పెద్దలు చేయాల్సింది షామియానా, మంచినీళ్లు, టీ, పెట్టె, గొయ్యి తీసేవాళ్ల కూలి, దూరాన ఉన్న కొడుక్కి ఫోను. 'దేవుడి చిత్తం' అన్న మాట ఆదరణ కూడిక దాకా దాచుకోండి. చిన్నపిల్లలు పోయిన ఇంట్లో అప్పుడు కూడా వద్దు.

ఇక స్థలం. వాగ్దాన దేశమంతా నీదేనని దేవుడు చెప్పిన అబ్రాహాము, అక్కడ డబ్బిచ్చి కొన్న మొదటి నేల భార్య సమాధి కోసం. ఆదికాండం ఇరవై మూడు. ఎఫ్రోను ముందు, ఊరికే తీసుకో అన్నాడు. అబ్రాహాము ఒప్పుకోలేదు. ఊరి ద్వారం దగ్గర, అందరూ వింటుండగా, 400 తులాల వెండి తూచి ఇచ్చి, గుహతో పాటు చెట్లు, సరిహద్దులు కూడా చెప్పించుకున్నాడు. ఎందుకో మన పల్లెల్లో అడగండి. వాగు పక్కన 'మీ వాళ్లని అక్కడ పెట్టుకోండిరా' అని ఒకప్పుడు నోటిమాటగా వదిలిన చెక్క ఉంటుంది. ఆ ఆసామి మనవడి కాలానికి రోడ్డు పడి, నేలకి ధర వస్తుంది. అక్కడ శిలువ గుర్తులు ఎప్పుడున్నాయి అంటారు. మాకు ఈ గొడవ ముంచుకొచ్చేలోగా తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి, సర్వేయరుని పిలిపించి, నాలుగు మూలలా రాళ్లు పాతించుకున్నాం. సర్వే నంబరు పత్రం నకలు బీరువా పై అరలో ఆకుపచ్చ ఫైల్లో ఉంది. ఏటా ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకి వెళతాం కదా, పాటలు అయ్యాక ఆ నాలుగు రాళ్లూ ఉన్నాయో లేదో చూసి రండి.

9. ఫోనులో వచనం

తెల్లవారి ఐదింటికి హైదరాబాదు నుంచి, డల్లాస్ నుంచి వచనాలు వచ్చిపడతాయి, గులాబీ పువ్వుతో సహా. పంపినవాడి తల్లికి ఇక్కడ బీపీ మాత్రలు అయిపోయి రెండు రోజులవుతుంది. సొంత ఇంటివాళ్లని చూసుకోనివాడి గురించి తిమోతికి పౌలు రాసిన మాట చాలా కటువైనది, అది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. నోట్‌బుక్కులో ఆ తల్లి పేరు రాసుకుని, కొడుక్కి మీరే ఫోను చేయండి.

10. మైకు

పక్కింటివాళ్లకి పరీక్షల పిల్లలు, పసిబిడ్డలు ఉంటారు. గంట కొట్టుకోండి. మైకు గోడ దాటకూడదు.

11. మామగారి సలహా

మోషే పొద్దున నుంచి రాత్రి దాకా ఒక్కడే తీర్పులు తీరుస్తుంటే మామగారు యిత్రో వచ్చి చూశాడు. ఇలాగైతే నువ్వూ నలుగుతావు, జనమూ నలుగుతారు, పదిమందికి ఒకణ్ని, యాభైమందికి ఒకణ్ని పెట్టుకో అన్నాడు. ఆయన ఇశ్రాయేలువాడు కూడా కాదు, మిద్యాను యాజకుడు. అయినా అల్లుడు విన్నాడు. మామగారి మాట విన్న అల్లుడని కూడా మోషేని గౌరవించాలి. మీకూ సలహాలు సంఘం బయటి నుంచి వస్తాయి. ఏఎన్నెమ్మ చెప్పొచ్చు, కిరాణా కొట్టు శెట్టిగారు చెప్పొచ్చు. మా నోట్‌బుక్కులో బస్సు చార్జీ గడి గీయమన్నది ఆ శెట్టిగారే.

సలహా చెప్పేశాక యిత్రో తన దేశానికి తాను వెళ్లిపోయాడని ఆ అధ్యాయం చివర్లో ఉంది. కాబట్టి కమిటీ మీటింగులకి నన్ను పిలవకండి. లెక్క తేలకపోతే మాత్రం ఇంటికి రండి, మధ్యాహ్నం మూడు దాటాక. నల్లబల్లకి సుద్దముక్కలు అయిపోయాయి, రేపే తెప్పించండి.